పెదాలు మిగిలిన చోట

విశ్వంభర్ పోయాడన్న కబురు ఇండియాలో జనం పక్కల మీంచి లేవకముందే ఆక్లాండ్ తెలుగువాళ్ళకి చేరిపోయింది. పొద్దు ముందు పొడిచే దేశంలో ఉన్నందుకు ఇదొక సదుపాయం. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఇక్కడివాళ్ళే అక్కడికి ఫోన్ చేసి చెబుతారు, అక్కడివాళ్ళు ఆవలిస్తూ వింటారు. రెండువేల పదహారు, జూలై నెల. బయట ముసురు. తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో దణ్ణం పెట్టే చేతులు వరసకట్టాయి.

విశ్వంభర్ మంగళూరు వైపు మనిషి. పాతికేళ్ళ పాటు తెలుగు సినిమాల్లో హీరోకి తండ్రి, హీరోయిన్‌కి మేనమామ, ఊరికి పెద్దమనిషి అన్నీ అతనే. సినిమా పోయినా అతని సీను మిగిలేది. అతను నోరు విప్పితే హాల్లో చంటిపిల్లలు కూడా ఏడుపాపేవాళ్ళని చెప్పుకునేవారు. ఇప్పుడు గ్రూపులో అందరూ రాస్తున్నదీ అదే. ఏం గొంతు అని ఒకరు, సగం నటన ఆ గొంతులోనే ఉందని ఇంకొకరు, అలాంటి గొంతు మళ్ళీ పుట్టదని మరొకరు.

న్యూ లిన్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లో రమామణి కళ్ళజోడు పెట్టుకుని అవన్నీ చదివింది. చదివి, ఫోను బోర్లా పెట్టి, పప్పులో పోపు వెయ్యడానికి లేచింది. ఆ గొంతు విశ్వంభర్‌ది కాదు. ఆమె భర్త మధుసూదనరావుది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పుడు ఏ గ్రూపులోనూ ఎవరూ చేతులు జోడించలేదు.

ఇందులో దొంగతనమేమీ లేదు. సినిమా వాళ్ళందరికీ తెలిసిన పనే. పొరుగు భాష నటుడు సెట్లో పెదాలు కదుపుతాడు. తర్వాత ఎవరో ఒకాయన చీకటి గదిలో, మైకు ముందు నిలబడి, తెర మీద ఆ పెదాలని చూస్తూ వాటికి సరిపడా తెలుగు మాటలు అతికిస్తాడు. విశ్వంభర్‌కి తెలుగులో నమస్కారం తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. తొలిరోజుల్లో డైలాగు గుర్తుండక కన్నడంలో అంకెలు లెక్కపెట్టేసేవాడట. ఆ అంకెల మీదే మధుసూదనరావు తెలుగు పరిచేవాడు. విశ్వంభర్ ఏడు, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ జనం కళ్ళొత్తుకునేవారు.

మధుసూదనరావు పేరు టైటిళ్ళలో కొన్నిసార్లు పడేది, కొన్నిసార్లు పడేది కాదు. పడినా జనం కుర్చీల కింద చెప్పులు వెతుక్కునే వేళకి పడేది. ఆయనకి దాని మీద బాధ లేదు. పైగా పట్టుదల ఒకటి ఉండేది. తెర మీద మనిషి బతికున్నంతకాలం ఆ గొంతు అతనిదేనని, మధ్యలో మనం తల దూర్చకూడదని అనేవాడు. ఒకసారి ఆయన సొంతూరు తెనాలిలో పెళ్ళికెళ్ళినప్పుడు రమామణి ఆగలేక తోడికోడలి చెవిలో ఊదింది. తోడికోడలి చెవిలో వేసిన మాట ఎంతసేపు ఆగుతుంది? భోజనాల పంక్తిలో కుర్రకారు ఆయన చుట్టూ చేరి ఆ డైలాగు చెప్పండి, ఈ డైలాగు చెప్పండి అని ప్రాణం తీశారు. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ రాత్రి రైల్లో, విశ్వంభర్ ఉన్నంతకాలం ఈ మాట నీ నోటి వెంట మళ్ళీ రాకూడదని ఆమె చేత మాట తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. నిలబెట్టుకుంది కూడా. మనిషి పోయాక మాట నిలబెట్టుకోవడం మరీ తేలిక, అడిగేవాళ్ళే ఉండరు.

కూతురు హేమశ్రీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆమె ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున షిఫ్టు దిగి ఇంటికి రాగానే ఫోను చూపించి, సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అంది. గ్రూపులో నిజం రాసేస్తానంది. నాన్న మాట తీసుకున్నది విశ్వంభర్ బతికున్నంతకాలమే కదా, ఇప్పుడు ఆ గడువు తీరిపోయింది కదా అని వాదించింది.

వాదనలో న్యాయం ఉంది. కానీ రమామణి ఒప్పుకోలేదు. మనిషి పోయి రెండ్రోజులైనా కాకముందే వెళ్ళి ఆ గొంతు మాదని అడిగితే చావింట్లో వాటాలు అడిగినట్టుంటుందని చెప్పింది. వాళ్ళింట్లోనూ ఒక ఆడమనిషి ఏడుస్తూ ఉంటుంది కదే అంది. హేమశ్రీ ఫోను సోఫా మీద విసిరి పడుకోవడానికి వెళ్ళిపోయింది.

నిజానికి రమామణికి ఆ పెద్ద గొంతు మీద అంత మమకారం లేదు. అది ఊరందరిదీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఆవిడ ఒకట్రెండు సార్లు పెట్టుకుని చూసింది కూడా. పంచాయతీలో తీర్పు చెబుతూ, కొడుకుని ఇంట్లోంచి గెంటుతూ ఉరిమే ఆ గొంతు తన మొగుడిదంటే తనకే నమ్మకం కుదరలేదు. ఆ గొంతుని ఆయన పట్టుబట్టల్లా దాచుకునేవాడు, పనికి వెళ్ళేటప్పుడే బయటికి తీసేవాడు. ఐస్ వాటర్ ముట్టుకునేవాడు కాదు, రాత్రిళ్ళు పెరుగు తినేవాడు కాదు. జేబులో ఎప్పుడూ మిరియాలూ పటికబెల్లమూ ఉండాల్సిందే. ఇంట్లో మాట్లాడేది వేరే గొంతు. కిందిస్థాయిలో, కాస్త బొంగురుగా, సగం మాట నోట్లోనే మింగేస్తూ ఉండేది. పక్కగదిలోకి వినపడేది కాదు. ఆ గొంతుతో కాపురం చేసింది రమామణి ఒక్కతే.

ఆ గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. ఆయనకి ఫోనంటే పడేది కాదు. కూతురు న్యూజిలాండ్ నుంచి చేస్తే, ఇదిగో మీ అమ్మ అని రిసీవరు ఇచ్చేసేవాడు. ఊళ్ళో వాళ్ళందరికీ గొంతు అమ్ముకున్నాక ఇంట్లో రికార్డు చేసి పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? మిఠాయికొట్టు వాడింట్లో మిఠాయి ఉండదు. ఆయన పోయిన మొదటి ఏడాది రమామణికి ఆ గొంతు చెవిలో ఉండేది. రెండో ఏడు పిలిస్తే వచ్చేది. ఈమధ్య పిలిచినా రావడం లేదు. ముఖం గుర్తుంది, చొక్కా గుండీలు పెట్టుకునే తీరు గుర్తుంది, గొంతు మాత్రం అందడం లేదు. ఆ సంగతి ఆమె కూతురికి కూడా చెప్పలేదు. చెబితే తండ్రిని మరిచిపోతున్నావా అంటుందని భయం.

ఒక్కచోట తప్ప, అనుకునేది. ఆ గొంతు ఒక్కచోట ఉండాలి.

అదొక చిన్న సినిమా. వారం తిరక్కుండానే థియేటర్లలోంచి లేచిపోయింది. అందులో విశ్వంభర్‌ది జబ్బుపడ్డ ముసలాడి వేషం. ఒక సీన్లో మంచం మీద లేచి కూర్చుని పెళ్ళాన్ని మంచినీళ్ళు అడుగుతాడు. అంతే సీను. ఆ డబ్బింగు రోజున మధుసూదనరావుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. వద్దంటే వినకుండా వెళ్ళాడు. రిలీజు దగ్గర పడిందని వాళ్ళు తొందరపెట్టారు. మైకు ముందు నిలబడితే పెద్ద గొంతు లేవలేదు. ఇంట్లో గొంతే వచ్చింది. దర్శకుడు, జబ్బుమనిషే కదా, ఇలాగే బాగుంది, కానిచ్చెయ్యండి అన్నాడు.

ఇంకో చిక్కు వచ్చింది. తెలుగులో రాసిన డైలాగు పొట్టిది. కాసిని మంచినీళ్ళు ఇలా పట్రా, అంతే. విశ్వంభరేమో సెట్లో తన భాషలో ఇంకా ఏదో అనేశాడు. తెలుగు మాట అయిపోయాక కూడా పెదాలు కదులుతూనే ఉన్నాయి. రాసినాయన ఊళ్ళో లేడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంబళి కప్పుకుని మధుసూదనరావు భార్యతో చెప్పిన మాట ఇది.

"పెదాలు మిగిలిపోయాయి రమా. ఏం పెట్టాలో తోచలేదు. మనింట్లో మాట పెట్టేసొచ్చాను."

ఏం మాటని ఆమె అడిగితే చెప్పకుండా నవ్వాడు. సినిమా వచ్చాక మ్యాట్నీకి వెళ్ళి తెలుసుకుంది. మంచం మీద ముసలాడు నీళ్ళు అడిగి, చెంబు అందుకుంటూ, నువ్వు తిన్నావా అన్నాడు. మధుసూదనరావు ఎప్పుడు ఇంటికొచ్చినా గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగే మాటది. ఆయన రాకుండా ఆమె తినదని ఆయనకి తెలుసు. అయినా అడిగేవాడు. ఇంకా లేదండీ అని ఆమె అనేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ తంతు ఆఖరిదాకా సాగింది. ఆ రోజు హాల్లో పట్టుమని పాతికమంది లేరు. రమామణి చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇప్పుడు న్యూ లిన్‌లో ఎవరి షిఫ్టు వాళ్ళది, ఎవరి ప్లేటు వాళ్ళది. తిన్నావా అని అడిగే పని లేదు, ఫ్రిజ్‌లో గిన్నె చూస్తే తెలిసిపోతుంది. ఆమె ఎప్పుడు తింటుందో, గట్టు దగ్గర నిలబడి ఎంత తింటుందో ఆమెకే సరిగ్గా తెలియదు.

ఆ సినిమా కోసం హేమశ్రీ చేత ఏదో వంకన రెండు మూడుసార్లు నెట్‌లో వెతికించింది. దొరకలేదు. ఇంకేం దొరుకుతుందిలే అని ఊరుకుంది.

రెండ్రోజుల తర్వాత శశిధర్ వచ్చాడు. తెలుగు సంఘం కార్యదర్శి. నెల్లూరు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కుర్రాడంటే నలభై దాటినా సంఘం లెక్కలో కుర్రాడే. ఉగాదికీ దీపావళికీ స్టేజీ ఎక్కి విశ్వంభర్ గొంతుతో మిమిక్రీ చేయడంలో దిట్ట. ఆదివారం శాండ్రింగ్‌హామ్ హాల్లో సంతాప సభ పెడుతున్నామని, హేమశ్రీ సాయం కావాలని వచ్చాడు. కాఫీ తాగుతూ, ఈసారి సభలో ఒక విశేషం ఉందన్నాడు. టౌరంగాలో పనిచేసే తరుణ్ అనే అబ్బాయికి వాళ్ళ బాబాయి మూసేసిన వీడియో షాపు అటక మీద ఒక సీడీ దొరికిందట. ఎవరూ చూడని సినిమా. అందులో విశ్వంభర్ మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడుగుతాడు, ఆ ముఖం చూస్తే మనకే దాహమేస్తుంది అన్నాడు.

రమామణి చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"నేనూ వస్తాను బాబూ" అంది.

సంఘం మీటింగులకి ఎప్పుడూ రాని ఆంటీ వస్తాననేసరికి శశిధర్ పొంగిపోయాడు. "రండాంటీ, మీలాంటి పెద్దోళ్ళు రావాల" అన్నాడు. హేమశ్రీ తల్లి వంక అనుమానంగా చూసింది. నిజం చెప్పడానికే వస్తోందనుకుంది. రమామణి ఉద్దేశం అది కాదు. ఒక మూల కూర్చుని ఆ ఒక్కమాట వినేసి, ఎవరికీ తెలియకుండా చెవిలో పెట్టుకుని ఇంటికొచ్చేయాలని.

సభకి ముందు సంఘంలో తగువు జరిగింది. భోజనానికి శాండ్రింగ్‌హామ్ హోటల్ నుంచి బిర్యానీ తెప్పిద్దామని కొందరు, సంతాప సభకి బిర్యానీ ఏమిటని కొందరు. చివరికి పులిహోర, వడ, పెరుగన్నం దగ్గర రాజీ కుదిరింది. సంతాపానికి రావలసినవాళ్ళ కంటే ఎక్కువమందే వచ్చారు. తడిసిన గొడుగులు గుమ్మంలో గుట్టపడ్డాయి. స్టేజీ మీద విశ్వంభర్ ఫొటో, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ. పిల్లలు వెనక వరసలో చేరి ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ పెద్దాయన ఎవరో వాళ్ళకి తెలియదు, ఫొటోలో మీసం బాగుందన్నారు.

అధ్యక్షుడు సత్యనారాయణ గారు మాట్లాడారు. ఆయన రాజమండ్రి మనిషి, మైకు దొరికితే వదలరని పేరు. విశ్వంభర్ గొంతులో గోదావరి ఉందన్నారు. పోయిన జన్మలో తప్పకుండా మా జిల్లాలో పుట్టి ఉంటాడన్నారు. తెనాలి కాలవ నీళ్ళు తాగిన గొంతుని అలా గోదాట్లో కలిపేసినా రమామణికి కోపం రాలేదు. తర్వాత ఆయన వెనక వరస వైపు చెయ్యి చాపి పిల్లలకి పాఠం మొదలుపెట్టారు. మంగళూరులో పుట్టినవాడు తెలుగు అంత స్పష్టంగా నేర్చుకున్నాడు, ళకి ళ, ణకి ణ, ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు, మీరేమో తెలుగు తల్లిదండ్రులకి పుట్టి అమ్మతో ఇంగ్లీషులో మాట్లాడతారు, ఆయన్ని చూసి నేర్చుకోండి అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

హేమశ్రీ కుర్చీలోంచి లేవబోయింది. రమామణి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"కూర్చో."

"అమ్మా, ఇంకా ఎంతసేపు వింటావు?"

"నేను వినాల్సింది ఇంకా రాలేదు. కూర్చో" అంది రమామణి.

తెర మీద పేరుమోసిన సీన్లు వేశారు. పంచాయతీ తీర్పు వచ్చింది, కూతుర్ని అత్తారింటికి పంపే సీను వచ్చింది. స్పీకర్లు అదిరాయి. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కొందరు డైలాగుతో పాటు పెదాలు కదిపారు. ఊరంతా తన మొగుడి కోసం ఏడుస్తున్నట్టే ఉంది, కాకపోతే ఊరికి ఆ సంగతి తెలియదు. రమామణికి కొంచెం నవ్వు, కొంచెం ఏడుపు రెండూ వచ్చాయి. రెండూ ఆపుకుని కూర్చుంది.

ఆఖరున తరుణ్ లేచాడు. కరీంనగర్ అబ్బాయి, చదువుకోవడానికి వచ్చి టౌరంగాలో కివీ పళ్ళ ప్యాక్‌హౌస్‌లో స్థిరపడ్డాడు. ఎప్పుడూ స్టేజీ ఎక్కనివాడు కావడంతో, సీడీ దొరికిన వైనం గబగబా చెప్పేసి లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళిపోయాడు. లైట్లు తగ్గించారు. రమామణి కొంగు సర్దుకుని ముందుకి వంగింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చూడ్డానికి రాలేదు.

మంచం కనిపించింది. ముసలాడు మెల్లగా లేచి కూర్చున్నాడు. ఫ్లూటు మొదలైంది. విషాదంగా, ఎత్తుగా, హాలు నిండా ఫ్లూటు. దాని కింద ఇంకేమీ లేదు. విశ్వంభర్ పెదాలు కదిలాయి, మాట రాలేదు. పెళ్ళాం వేషం వేసినావిడ చెంబు పట్టుకొచ్చింది. అతను చెంబు అందుకుంటూ తల ఎత్తాడు. మిగిలిపోయిన ఆ పెదాలు అన్నేళ్ళ తర్వాత మళ్ళీ కదిలాయి. ఫ్లూటు ఇంకో మెట్టు పైకెక్కింది. తరుణ్ శ్రద్ధగా ఆ ముఖాన్ని నెమ్మది చేసి, నలుపు తెలుపు చేసి, మళ్ళీ ఒకసారి చూపించాడు. తర్వాత తెర మీద రెండు తేదీలు పడ్డాయి. లైట్లు వెలిగాయి. చప్పట్లు కొట్టచ్చో లేదో తెలియక జనం సగం సగం కొట్టారు. భోజనాల వైపు కుర్చీలు జరుగుతున్న చప్పుడు మొదలైంది.

 ఇన్నేళ్ళకి దొరికిందనుకున్నది చేతిదాకా వచ్చి నీళ్ళపాలైంది. ఇలాగే ఇంటికి వెళ్ళిపోతే ఈ జన్మకి ఇంక వినేది లేదు. పరువు, మొహమాటం, మాట తప్పడం, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. రమామణి లేచి కుర్చీల మధ్యలోంచి లాప్‌టాప్ దగ్గరికి నడిచింది. హేమశ్రీ వెనకే వచ్చింది.

"బాబూ, ఆ ఫ్లూటు తీసేసి ఇంకోసారి వేస్తావా? మాటలతో" అని అడిగింది రమామణి.

తరుణ్ ఇబ్బందిగా నవ్వాడు. "అట్ల కాదాంటీ, ఆ ముక్కల వాయిస్ మంచిగ లేదు. మొత్తం గరగర. విశ్వంభర్ సార్ గొంతు లెక్కనే లేదు, జలుబు చేసినట్టున్నది. జనం ఏమనుకుంటరో అని నేనే తీసేసిన."

"ఆ బాగోని గొంతే వినిపించు నాన్నా. నేను వచ్చింది దానికోసమే."

ఆమె ముఖంలో ఏం కనిపించిందో, తరుణ్ మళ్ళీ ప్రశ్న వెయ్యలేదు. అసలు ఫైలు వెతికాడు. పులిహోర చల్లారిపోతోందని సత్యనారాయణ గారు గుర్తుచేశారు. శశిధర్ మైకులో, ఒక్క నిమిషం కూర్చోమని అందరినీ బతిమాలాడు. ఎందుకో అతనికీ తెలియదు, పెద్దావిడ అడిగిందని అంతే. లైట్లు మళ్ళీ తగ్గాయి. ఆమె వెనక్కి వెళ్ళకుండా ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

మొదట గరగర వినిపించింది. తర్వాత మంచం కిర్రుమంది. తర్వాత గొంతు వచ్చింది. కిందిస్థాయిలో, బొంగురుగా, సగం మింగేస్తూ.

"కాసిని మంచినీళ్ళు ఇలా పట్రా."

హాల్లో ఒకరిద్దరు మొహాలు చిట్లించారు. ఇది విశ్వంభర్ గొంతులా లేదే అని ఎవరో గొణిగారు. చెంబు వచ్చింది. ముసలాడు అందుకుంటూ తలెత్తాడు.

"నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదండీ" అంది రమామణి.

గట్టిగా అనలేదు. మామూలుగా, వంటింట్లోంచి అన్నట్టే అంది. హాలు నిశ్శబ్దంగా ఉండడం వల్ల వెనకదాకా వినపడింది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకి తెలిసేసరికి అందరి తలలూ ఆమె వైపు తిరిగి ఉన్నాయి. తెర మీద పెళ్ళాం ఏదో జవాబు చెబుతోంది. దాన్ని ఎవరూ వినలేదు. సీను అయిపోయింది, గరగర మిగిలింది. దాన్ని ఆపాలని కూడా తరుణ్‌కి తోచలేదు.

ముందుగా అర్థమైంది శశిధర్‌కి. స్కూలు రోజుల నుంచీ ఆ గొంతుని అరగదీసినవాడు. తెరని చూసి ఏ ఆడమనిషీ అండీ అనదని అతనికి తెలుసు. స్టేజీ దిగి వచ్చి ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆంటీ, ఆ గొంతు అంకుల్‌దా?"

రమామణి తలూపింది. వెనక నుంచున్న హేమశ్రీ ఏడుస్తోంది. ఆ గొంతు విని ఆమెకీ నాలుగేళ్ళయింది. తండ్రి సినిమాలన్నీ చూసింది కానీ ఇది చూడలేదు.

"ఇదొక్కటేనా, అన్నీనా?"

"అన్నీ ఆయనవే. ఇదొక్కటి మాత్రం నాది" అంది రమామణి.

 శశిధర్ ఆయన పేరు అడిగాడు. ఆమె చెప్పింది. అతను మైకు దగ్గరికి వెళ్ళి, తన నెల్లూరు గొంతుతోనే, ఎత్తుగడలేమీ లేకుండా విషయం చెప్పేశాడు. మనం ఇందాకటి నుంచీ కళ్ళు తుడుచుకున్నది ఇద్దరి కోసమని, ఒకరి పేరే తెలుసని, రెండో ఆయన పేరు మధుసూదనరావని, ఆయన భార్య ముందు వరసలో కూర్చున్నారని చెప్పాడు. భోజనాలయ్యాక తను చేద్దామనుకున్న మిమిక్రీ ఇంక ఉండదని కూడా చెప్పాడు. హాల్లో కలకలం రేగింది. మాకు ముందే అనుమానంగా ఉండేదని ఇద్దరు ముగ్గురు అన్నారు, అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. సత్యనారాయణ గారు పిల్లలకి చెప్పిన పాఠం వెనక్కి తీసుకోవాలో అక్కర్లేదో తేల్చుకోలేక ఫొటో వైపు చూశారు. చివరికి అందరూ లేచి మౌనంగా నిలబడ్డారు. ఆ కాసేపు పిల్లలు కూడా మాట్లాడలేదు.

రమామణి నిలబడి మొగుడికి లోపల్లోపలే సంజాయిషీ చెప్పుకుంది. మాట తప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు, మీరడిగారు, నేను పలికాను, అంతే. ఆయన ఒప్పుకుంటాడో లేదో ఆమెకి తెలియదు. విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి. అయినా గొంతు మళ్ళీ చెవిలోకి వచ్చి కూర్చుంది. పిలవకుండానే వచ్చింది.

భోజనాల దగ్గర ఆమె చుట్టూ మనుషులు మూగారు. ఆయన ఇంకా ఏయే సినిమాలకి చెప్పారని, విశ్వంభర్ ఎప్పుడైనా ఇంటికొచ్చేవాడా అని అడిగారు. కొందరు చేతులు పట్టుకున్నారు. తరుణ్ దూరంగా నిలబడి, జలుబు చేసిన గొంతని అన్నందుకు తల ఎత్తలేక, చివరికి దగ్గరికొచ్చి ఆ ముక్క ఆమె ఫోన్లో వేసిస్తానన్నాడు. వెయ్యమంది. ఫ్లూటు లేకుండా వెయ్యమని మరీ మరీ చెప్పింది.

హేమశ్రీ తల్లిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి ప్లేటు తెచ్చి చేతికిచ్చింది. పులిహోర చల్లారిపోయి ఉంది, ఉప్పు కూడా ఒక పిసరు ఎక్కువైంది. రమామణి మెతుకు మిగల్చకుండా, వడతో సహా, తీరిగ్గా తిన్నది. ఇంకొంచెం పెట్టనా అని హేమశ్రీ అడిగితే పెట్టమంది.